దూకేవాళ్ళ ఊళ్ళో కుట్టుమిషన్ల చప్పుడు

ఓర్లాండో వెళ్ళొచ్చిన మనవాళ్ళని అడగండి. డిస్నీ చూశామంటారు, సముద్రం చూశామంటారు, కాసెల్‌బెర్రీలో గుడికెళ్ళామంటారు. అవన్నీ నేనూ చూశాను లెండి. కానీ ఇప్పుడు మీకు చెప్పబోయేది వాటి గురించి కాదు. ఓర్లాండోకి ఉత్తరాన గంట ప్రయాణంలో డీలాండ్ అని ఒక చిన్న ఊరుంది. అక్కడ జనం విమానంలోంచి దూకుతారు. సరదాకి! డబ్బిచ్చి మరీ!

అమ్మో అని గుండెల మీద చెయ్యి వేసుకున్నారా? నేనూ అలాగే వేసుకున్నాను. ఎందుకంటే ఆ దూకేవాళ్ళలో మా అమ్మాయి ఒకతె.

సంగతి ఎలా బయటపడిందంటే, నేను వెళ్ళిన రెండో వారంలో దాని బట్టలు మడతపెట్టి సర్దుతుంటే అలమరలో ఒక చిన్న పుస్తకం కనపడింది. వరసగా తేదీలు, ఎత్తులు, పక్కన ఎవరెవరివో సంతకాలు. అంకెలు 17 దాకా ఉన్నాయి. "ఏమిటే ఇది?" అంటే కాసేపు నసిగి, తర్వాత చెప్పేసింది. పదిహేడుసార్లు దూకిందిట! అల్లుడుగారికి తెలుసు. నాకూ మావారికీ మాత్రం తెలీదు. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. తెల్లారి లేచి, "అరవడం నాకూ చేతనవును. ముందు చూపించు, చూశాక అరుస్తాను" అన్నాను.

అలా ఒక శనివారం పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుని డీలాండ్ వెళ్ళాను.

ఊరు బావుంటుంది సుమా. పెద్ద పెద్ద ఓక్ చెట్లు, వాటి కొమ్మలనుంచి ముసలివాళ్ళ గడ్డాల్లా వేలాడే బూడిదరంగు నాచు, పాత ఇటుక భవనాలు, ఒక విశ్వవిద్యాలయం. అక్కడి విమానాశ్రయం రెండో ప్రపంచయుద్ధంలో నౌకాదళానిది. ఇప్పుడు దాని చుట్టుపక్కల పారాచూట్లూ వాటి సంచులూ కుట్టే కంపెనీలు వెలిశాయి. అంటే దూకడమే కాదు, దూకేవాళ్ళకి కావలసినవన్నీ తయారయ్యేదీ ఇక్కడేనన్నమాట.

విమానాలు ఎగిరే చోటు కంటే నన్ను ఆకట్టుకుంది దాని పక్కనున్న పొడవాటి హాలు. కింద తివాచీ. దానిమీద ఆడా మగా మోకాళ్ళమీద కూర్చుని, రంగురంగుల బట్టలు పరుచుకుని మడతలు పెడుతున్నారు. పెళ్ళివారింట్లో పెట్టుబడి చీరలు సర్దుతున్నట్టే ఉంది! ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. ఎవరి తాళ్ళు వాళ్ళు వేళ్ళమధ్య పట్టుకుని సరిచూసుకుంటున్నారు.

మా అమ్మాయి కూడా చెప్పులు విప్పి కూర్చుంది. ఇంట్లో దుప్పటి మడతపెట్టమంటే ఉండచుట్టి పడేసే పిల్ల! అక్కడ ఒక్కొక్క మడతా అరచేత్తో నిమిరి గాలి తీస్తోంది. ఆ బట్ట నైలాను, పైన సిలికాన్ పూత. ఇటు అదిమితే అటు జారుతుంది, కొత్త సిల్కుచీర కుచ్చిళ్ళలాగే. దాన్ని చిన్న సంచిలోకి ఎక్కించి, తాళ్ళని రబ్బరు బ్యాండ్లతో వరసగా కట్టి, ఆ సంచిని వీపున తగిలించుకునే పెద్ద సంచిలో పెట్టి మూయాలి. మూసేటప్పుడు ఒక సన్నటి నాడా వాడతారు. లంగాకి బొందు ఎక్కించినట్టు దాన్ని రంధ్రాల్లోంచి లాగి, మూతముడిని పైకి తెచ్చి, అందులో పిన్ను గుచ్చుతారు. పిన్ను గుచ్చాక నాడాని తీసెయ్యాలి. మరిచిపోయి వదిలేస్తే పైన సంచి తెరుచుకోక ప్రాణంమీదికి రావచ్చు. బెత్తెడు నాడా చూడండి, ఎంత పని చేస్తుందో!

అసలు వీపుమీద ఉండేది ఒకటి కాదు, రెండు పారాచూట్లు. మొదటిది ఎవరిది వాళ్ళు మడుచుకోవచ్చు, నేర్చుకునేవాళ్ళయితే పక్కన తెలిసినవాళ్ళు ఉండాలి. రెండోది ఆపద్ధర్మానికి. దాన్ని ప్రభుత్వ లైసెన్సు ఉన్న రిగ్గర్ తప్ప ఇంకెవరూ మడవకూడదు. వాడినా వాడకపోయినా 180 రోజులకోసారి విప్పి, పరీక్షించి, మళ్ళీ మడవాల్సిందే. అమెరికాలో ఇది చట్టం. మడిచాక ఎర్రదారం కట్టి, సీసపు సీలు నొక్కి, కార్డుమీద తేదీ వేసి సంతకం పెడతారు.

అక్కడి రిగ్గర్ ఒక యాభై ఏళ్ళు దాటినావిడ. ఆవిడ గదిలో నాలుగు కుట్టుమిషన్లు, ఒక పొడవాటి బల్ల. నేను గుమ్మంలో నిలబడి తొంగిచూస్తుంటే లోపలికి రమ్మంది. ఆ సమయానికి ఒక రిజర్వు పారాచూట్ బల్లమీద పరిచి ఉంది. ప్రతి కుట్టూ వేలితో తడిమి చూస్తోంది. బట్టని వెలుతురుకి ఎత్తిపట్టి చిల్లులు వెతుకుతోంది. అంతా అయి సంచి మూశాక ఏం చేసిందో తెలుసా? తన క్లిప్పులూ పిన్నులూ అన్నీ బల్లమీద పెట్టి లెక్కపెట్టుకుంది. ఒక్కటి తక్కువైనా అది లోపలే ఉండిపోయిందని అర్థంట. ఆపరేషన్ చేసే డాక్టర్లు లెక్కపెట్టుకుంటారు చూడండి, అలాగ.

ఎండలో ఆరేస్తే నైలాను దారం బలహీనమవుతుందిట. చెమట, ఇసుక తగిలినా చెడుతుంది. కారు డిక్కీలో వదిలెయ్యకూడదు. "మేం పట్టుచీరలకీ ఇంతే" అన్నాను మా అమ్మాయి తర్జుమాతో. ఆవిడ నవ్వి, ఒకప్పుడు పారాచూట్లు కూడా పట్టువేనంది. రెండో యుద్ధంలో జపాన్ పట్టు రావడం ఆగిపోతే నైలాను పట్టుకున్నారు. ఆ నైలాను పారాచూట్‌తో 1942 జూన్‌లో కనెక్టికట్ రాష్ట్రంలో మొదట దూకి చూపించింది అడెలిన్ గ్రే అనే అమ్మాయి. ఆవిడా రిగ్గరే! అంతకుముందు 1913లో లాస్ ఏంజిలిస్ మీద విమానంలోంచి పారాచూట్‌తో దూకిన టైనీ బ్రాడ్విక్ అయితే నూలుమిల్లులో కూలిపిల్ల. చిన్నతనంలోనే పెళ్ళయి, బిడ్డతల్లి కూడా అయింది. మన దేశంలో పుణెకి చెందిన శీతల్ మహాజన్ 2018లో థాయిలాండ్‌లో తొమ్మిదిగజాల చీర కట్టుకుని దూకిందని నేనూ చెప్పాను. రిగ్గరమ్మ ముందు అడిగింది "ఆ చీర కొంగు ఎక్కడ దోపింది?" అని. ఆడవాళ్ళకే వస్తాయండీ ఇలాంటి సందేహాలు!

ఇంతలో మా అమ్మాయి అసలు పని బయటపెట్టింది. అక్కడ దూకే ఒకాయన తన పాత సామాను సగం ధరకే ఇస్తానన్నాడుట. సంచి, రెండు పారాచూట్లు అన్నీ కలిపి. చవగ్గా వస్తుంటే వదలడం ఎలా? దీనికి కొనెయ్యాలని ఉంది. ఆ సంచి తెచ్చి బల్లమీద పెట్టింది.

రిగ్గరమ్మ దాన్ని విప్పి అరగంటసేపు చూసింది. తాళ్ళు కొలిచింది. పారాచూట్ తెరుచుకునేటప్పుడు ఒక్కసారిగా విచ్చుకోకుండా నాలుగు మూలలా రింగులున్న చదరపు గుడ్డ ఒకటి తాళ్ళవెంట జారి వేగం తగ్గిస్తుంది. ఆ రాపిడి వేడికి కొన్నిరకాల తాళ్ళు కాలక్రమేణా కుంచించుకుపోతాయి. వీటిలో బ్రేకు తాళ్ళు అలాగే పొట్టివయ్యాయిట. అది బాగుచేసుకోవచ్చు. బాగుచెయ్యలేనిది ఇంకోటుంది. ఆ పారాచూట్ 120 చదరపు అడుగులు. మా పిల్ల బరువు 58 కిలోలు, సామాను మరో 12. మొత్తం 70 కిలోలు, అంటే 154 పౌండ్లు. దాన్ని 120తో భాగిస్తే దాదాపు 1.3. కొత్తవాళ్ళకి ఈ లెక్క 1 దాటకూడదు. గుడ్డ చిన్నదయ్యేకొద్దీ వేగం పెరుగుతుంది, చిన్న పొరపాటుని కూడా క్షమించదు. "170 కన్నా చిన్నది ఇప్పుడు నీకొద్దు" అని చెప్పేసింది.

"నెమ్మదిగా అలవాటు చేసుకుంటాను" అంది మా అమ్మాయి. దాని మొహం చిన్నబోయింది. పక్కనే టీ తాగుతున్న ఒక తెల్లగడ్డం పెద్దాయన, వేలసార్లు దూకినవాడుట, అప్పుడు నోరు విప్పాడు. తను చూసిన ప్రమాదాల్లో చాలావాటిలో పారాచూట్ చక్కగానే తెరుచుకుందిట. నేల దగ్గరకొచ్చాక గబుక్కున మలుపు తిప్పబోయి కాళ్ళూ నడుములూ విరగ్గొట్టుకున్నారు, కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు. "లైసెన్సు వచ్చేదాకా అద్దె సామానుతో దూకు. కొనే డబ్బుంటే పాఠాలకి పెట్టు" అన్నాడు. లైసెన్సుకి కనీసం 25సార్లు దూకాలి.

కొనుక్కునేవాళ్ళకి అక్కడివాళ్ళు చెప్పేది ఇదే, అందరిదీ ఒకటే మాట. సామాను ఎవరి దగ్గర కొన్నా సరే, డబ్బివ్వకముందే మనకి తెలిసిన రిగ్గర్‌తో విప్పించి చూపించుకోవాలి. రంగు చూసి కొనకూడదు. మనిషి స్పృహ తప్పినా, కంగారుపడి మరిచిపోయినా సుమారు 750 అడుగుల ఎత్తులో తనంతట తనే రిజర్వుని తెరిచే ఒక చిన్న యంత్రం ఉంటుంది. జర్మనీవాళ్ళ సైప్రెస్ 1991 నుంచి దొరుకుతోంది. అది లేకుండా పొదుపు చెయ్యొద్దు. ఇక భుజాల దగ్గర మూడు ఉంగరాలుంటాయి, పెద్దది, మధ్యది, చిన్నది, గాజుల్లా ఒకదాంట్లోంచి ఒకటి దూర్చి. మనిషి బరువంతా చివరికి ఒక దారపు ముడిమీదే నిలబడేటట్టు, అవసరమొస్తే ఒక్క గుంజుడికి పాడైన పారాచూట్ ఊడిపోయేటట్టు 1970లలో బిల్ బూత్ అనే ఆయన చేసిన ఏర్పాటు అది. ఆయన పెట్టిన కంపెనీ ఈ డీలాండ్‌లోనే ఉంది.

ఆ గుంజుడు మాత్రం మనిషి చేతిలోనిది. అందుకే నేలమీద వేలాడే పట్టీల్లో కూర్చోబెట్టి పదేపదే చేయిస్తారు. చూడు, కుడివైపు పిడి లాగు, ఎడమవైపు పిడి లాగు. మా అమ్మాయి అట్లకాడ పట్టుకుని వంటింట్లో కూడా ఇదే గొణుక్కుంటుంటే దానికి మతిపోయిందేమో అనుకున్నాను మొదట్లో.

మధ్యాహ్నానికి ఆకాశంలో మబ్బులు కమ్మాయి. ఫ్లోరిడా వేసవిలో సాయంత్రపు ఉరుములు మామూలే. నేర్చుకునేవాళ్ళు గంటకి 14 మైళ్ళ గాలి దాటితే దూకకూడదు. ముల్లు 12, 13 దగ్గర ఊగుతోంది. శిక్షకుడు, "నియమం ప్రకారం వెళ్ళొచ్చు. నిర్ణయం నీది" అన్నాడు. విమానం ఇంజను మోగుతోంది. టిక్కెట్టు కొనేసింది. పైగా అమ్మ చూస్తోంది కదా, దూకి చూపించాలనే ఉబలాటం. నేను నోరు మెదపలేదు, మెదిపితే ఏడుస్తానని.

అది కాసేపు గాలిగుడ్డ వైపు చూసి వీపుమీద సంచి దించేసింది. "ఇవాళ ఎక్కను" అంది. ఎవ్వరూ ఎగతాళి చెయ్యలేదు. గడ్డం పెద్దాయన దాని వీపు తట్టాడు. నేను పొద్దున్నుంచీ దాచుకున్న అరుపు ఎటు పోయిందో తెలీదు. ముగ్గురం కూర్చుని పులిహోర తిన్నాం. రిగ్గరమ్మ రెండోసారి వడ్డించుకుని, ఆ పులుపు దేనిదని అడిగింది.

మరుసటి శనివారం గాలి లేదు. ముందుగా దగ్గర్లోని డిలియాన్ స్ప్రింగ్స్‌కి తీసికెళ్ళారు. అక్కడ బల్లమధ్యే పెనం ఉంటుంది, పిండి మనకిచ్చేస్తారు, అట్లు మనమే పోసుకోవాలి. అమెరికావాళ్ళకి అది వింత, నాకు మాత్రం సెలవురోజున కూడా పొయ్యి తప్పలేదనిపించింది!

తర్వాత మైదానం గట్టుమీద టోపీ పెట్టుకుని నిలబడ్డాను. పదమూడున్నర వేల అడుగుల ఎత్తున విమానం చుక్కలా ఉంది. అంత ఎత్తునుంచి దాదాపు నిమిషంపాటు ఊరికే పడతారు, గంటకి 120 మైళ్ళ వేగంతో. అల్లుడుగారు చెప్పగానే లెక్కపెట్టడం మొదలెట్టాను. ముప్పై దగ్గర లెక్క తప్పాను. మళ్ళీ మొదలెట్టలేకపోయాను. ఎంతసేపటికో నారింజరంగు గొడుగు ఒకటి విచ్చుకుంది. "అదేనా?" అంటే, "అదేనండీ" అన్నారాయన. అది నెమ్మదిగా చుట్లు తిరుగుతూ వచ్చి, కాళ్ళమీద దిగబోయి, గడ్డిలో చతికిలబడి, గుడ్డంతా చంకలో ఇరికించుకుని నడిచొచ్చింది.

"ఇప్పుడు అరువమ్మా" అంది.

అరవలేదు. అలాగని సంతోషంగా ఒప్పుకున్నాననీ చెప్పను. విజయవాడ వచ్చేసి ఏడాది కావస్తోంది. దానికి లైసెన్సు వచ్చింది, 170 అడుగులదే కొనుక్కుంది, రిగ్గరమ్మ చూశాకే. మావారికి కూడా చెప్పేశాను. ఆయన వారంరోజులు నాతో మాట్లాడలేదు. ప్రతి శనివారం రాత్రి మాకు పడుకునే వేళ, దానికి అక్కడ పొద్దున. ఫోను చేస్తాను. తిన్నావా అని అడగను.

"నాడా తీశావా?" అంటాను.

"తీస్తానమ్మా, ఇంకా మడవనేలేదు" అంటుంది.