అయ్య ఔట్‌పాసు, చెల్లె వీసా

మా ఇంట్ల సందుగ అడుగున ఒక కాగితం ఉంటది. దుబాయిలో మన కాన్సులేటు ఇచ్చిన ఔట్‌పాసు. 2007లో మా అయ్య దాన్ని పట్టుకునే ఇల్లు చేరాడు. ఆ ఏడు అక్కడి సర్కారు క్షమాభిక్ష పెట్టబట్టి జైలు తప్పింది. పాస్‌పోర్టు మాత్రం కఫీలు దగ్గరే ఉండిపోయింది.

అయ్య పోయింది ఆజాద్ వీసా మీద. పేరుకే ఆజాద్. కాగితం మీద కఫీలు ఒకడు, ఒళ్లు వంచేది ఇంకొకడి దగ్గర. కాగితం మీద పేరున్నందుకు ఆ కఫీలుకు ఏటేటా పైసలు కట్టాలె. కట్టలేని ఏడు వాడు పారిపోయిండని రాసిచ్చాడు. ఇక అయ్య ఖల్లివెల్లి అయిండు. మా జగిత్యాల దిక్కు మాదిగ వాడల్లో ఈ మాటకు అర్థం చెప్పనక్కర లేదు.

అయ్య బడి మొఖం చూడలేదు. అందుకని ఆయన పాస్‌పోర్టు మీద ఈసీఆర్ ముద్ర. చదువు లేనోడు, సర్కారు చూసి పంపాలె అని దాని భావం. కూలోళ్లను కాపాడటానికే 1983 వలస చట్టంలో ఆ ఏర్పాటు చేశారు. ఆ ముద్ర అయ్యను కాపాడింది లేదు, ఏజెంటుకు ఇంకో ఖర్చు రాసుకునే సందు ఇచ్చింది. పటేలు దగ్గర జీతమున్నోడు కఫీలు దగ్గర జీతమున్నాడు, అంతే తేడా.

నేను 2012 డీఎస్సీలో సెకండరీ గ్రేడు టీచరునైన. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదే. రెండోది చెల్లెది, బీటెక్. చెల్లె పాస్‌పోర్టు మీద ఏ ముద్రా లేదు. పది పాసైతే చాలు, ఆ ముద్ర వెయ్యరు. ఆ ఖాళీ జాగను అయ్య వేలితో తడిమి చూసిండు.

చెల్లె జర్మనీ ఎంచుకున్నది, అక్కడ చాలా సర్కారు యూనివర్సిటీల్లో ఫీజు లేదని. ఫీజు లేదంటే ఖర్చు లేదనుకున్న నేను. ముందు ఏపీఎస్ సర్టిఫికెట్, మన డిగ్రీలు అసలువేనని చూసి ఇచ్చేది. 2022 నవంబరు నుంచి మనోళ్లకు అది లేనిదే వీసా లేదు. దానికి 18,000. తర్వాత బ్లాక్డ్ అకౌంటు. ఏడాది బతుకు ఖర్చు ముందే అందులో వెయ్యాలె, అక్కడ దిగినంక నెలకింత అని మన పైసలే మనకు ఇస్తరు. 2024 సెప్టెంబరు నుంచి అది 11,904 యూరోలు. మన లెక్కల పన్నెండు లక్షలకు అటూ ఇటూ.

స్టాఫ్‌రూములో ఒక సారు నవ్వుతూ అన్నడు. "మీకేంది సార్, గవర్నమెంటే ఇరవై లక్షలిస్తది."

ఇస్తది నిజమే. అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి. చెల్లె పేరు ఎంపిక జాబితాలో వచ్చింది కూడా. అయితే మొదటి పది లక్షలు ఎప్పుడిస్తరు? ఆ దేశంల దిగినట్టు కాగితం చూపిస్తే. మిగతా పది మొదటి సెమిస్టరు ఫలితాలు వచ్చినంక. వీసా ఇచ్చేటోళ్లు పైసలు చూపిస్తేనే రమ్మంటరు, పైసలిచ్చేటోళ్లు పొయ్యినంకనే ఇస్తమంటరు. ఈ రెండింటి నడుమ ఉన్న వాగు మీద వంతెన ఎవని దగ్గర ఉంటది? భూమి ఉన్నోని దగ్గర. ఆ సారు కొడుకు లండన్ పోయినప్పుడు రెండెకరాలు అమ్మిండు, వారం పట్టింది. వంతెన ఉన్నోనికి వాగు కనపడదు. ఆ మాట స్టాఫ్‌రూములో అనలేకపోయిన, ఇక్కడ రాస్తున్న.

మాకూ ఎకరం ఉంది. ఎసైన్డు భూమి. 1977 చట్టం ప్రకారం అమ్మరాదు. ఆ చట్టం లేకుంటే ఆ ఎకరం ఎన్నడో దొర చేతుల్లో ఉండేది, అందుకని దాన్ని తిట్టలేను. ఇల్లు గ్రామకంఠంలో ఉంది, పట్టా లేదు. బ్యాంకు మేనేజరు కాగితాలు తిరగేసి "లింకు డాక్యుమెంట్లు?" అన్నడు. తాత కట్టిన గుడిసె మీద అయ్య రేకులేసిండు, నేను స్లాబు పోసిన. మాకున్న లింకు అదే. ఏడున్నర లక్షలు దాటితే ఆస్తి తాకట్టు కావాలన్నరు. నా జీతం పూచీ మీద అంతవరకే ఇచ్చిండ్రు. మాది సీపీఎస్ బ్యాచి, జీపీఎఫ్ నుంచి తీద్దామన్నా లేదు. పుస్తెలతాడు తప్ప నా భార్య బంగారమంతా పెట్టినం. మిగతాది నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చిన.

అమీర్‌పేటలో ఒక కన్సల్టెంటు ఇంకో దారి చెప్పిండు. "జర్మనీ ఎందుకన్నా, యూకే వెయ్యి. అక్కడ పైసలు ఇరవై ఎనిమిది రోజులు ఖాతాల కనపడితే చాలు. మేమే ఏస్తం, మేమే తీసుకుంటం. మిత్తి నీది." అయ్యకు ఆజాద్ వీసా అమ్మినోడు కూడా ఇట్లనే అన్నా అని పిలిచి ఉంటడు. లేచి వచ్చిన.

వీసా దరఖాస్తుకు మోటివేషన్ లెటరు రాయాలె. చదువయినంక ఏం చేస్తవో అందులో చెప్పాలె.

"తిరిగొస్తనని రాయాల్నా అన్నా?" అని అడిగింది చెల్లె.

బాబాసాహెబ్ 1913లో బరోడా రాజు స్కాలర్‌షిప్ మీద కొలంబియా పోయి చదివిండు. 1917లో కొలువు చెయ్యడానికి బరోడాకు వస్తే ఉండటానికి గది దొరకలేదు. పార్శీ పేరు పెట్టుకుని సత్రంలో దిగితే కర్రలు పట్టుకుని వచ్చి వెళ్లగొట్టిండ్రు. ఆ సంగతి ఉన్న చిన్న పుస్తకం పేరు 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'. ఆ పేరు చూసి ఫారిన్ సంగతి అనుకునేటోళ్లున్నరు. అందులో ఉన్నదంతా ఈ దేశంలో మనకు దొరకని జాగ గురించే. చెల్లెకు ఏం చెప్పాలో తోచలేదు. "నీకేది నిజమో అది రాయి" అన్న. ఏం రాసిందో నేను అడగలేదు.

2025 సెప్టెంబరులో వీసా వచ్చింది. ఆ రాత్రి అయ్య అడిగిండు.

"బిడ్డా, ఆడ పాస్‌పోర్టు ఎవని తాన ఉంటది?"

"నా తాననే, అయ్యా."

"కఫీలు?"

"ఉండడు."

చెల్లె ఓపికగా చెప్పుకొచ్చింది. చదువయినంక పద్దెనిమిది నెలలు కొలువు వెతుక్కోవచ్చు. తగిన జీతమొస్తే బ్లూ కార్డు ఇస్తరు. దాని మీద ఇరవై ఏడు నెలలు పనిచేస్తే, వాళ్ల భాష కొంత వచ్చి ఉంటే, పక్కాగా ఉండిపొయ్యే హక్కు. భాష ఇంకా బాగా వస్తే ఇరవై ఒక్క నెలలే.

అయ్య దుబాయిలో ఎనిమిదేండ్లు ఉన్నడు. అక్కడ ఎనబై ఏండ్లున్నా కూలోనికి ఆ హక్కు రాదు. ఆయన మాత్రం దుబాయి ఊసెత్తలేదు. మా ఇంటి గోడ దిక్కు చూసి, "ఇరవై ఏడు నెలలకే పట్టా ఇస్తరా?" అన్నడు.

శంషాబాద్‌లో అవ్వ ఏడ్చింది, అయ్య ఏడ్వలేదు. లోపలికి పొయ్యేదాకా పాస్‌పోర్టు చేతిలోనే పట్టుకొమ్మని చెల్లెకు మూడుసార్లు చెప్పిండు.

దిగినంక ముద్ర ఫొటో పంపింది. రెండు జిరాక్సులు తీసి, విద్యానిధి కోసం ఆఫీసులో ఇచ్చి వచ్చిన. బడ్జెట్ రిలీజు కావాలన్నరు. ఒకటో తారీకు మిత్తి కట్టిన.