సగంలో ఆగిన ఆట

2024 డిసెంబరులో మన హన్మకొండ కుర్రవాడు అర్జున్ ఇరిగేసి చదరంగంలో 2800 రేటింగు దాటాడు. మన దేశంలో విశ్వనాథన్ ఆనంద్ తర్వాత అంత ఎత్తుకు చేరిన రెండోవాడు అతడే. ఆ వార్త విన్నాక మా చిన్నవాడు పట్టుబట్టి ఒక చదరంగం బల్ల కొనిపించుకున్నాడు. "బాపూ, నీకు ఆట వచ్చా?" అని అడిగాడు. వచ్చునన్నాను. "ఎవరు నేర్పిన్రు?" అన్నాడు. ఆ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పలేకపోయాను. ప్రియమైన చదువరులారా, ఆ జవాబే మీతో పంచుకుంటున్నాను.

మా బాపు గోదావరిఖనిలో బొగ్గుబాయి కార్మికుడు. షిఫ్టుకు ముందు ల్యాంప్ రూం దగ్గర సిమెంటు అరుగు మీద సుద్దముక్కతో గళ్ళు గీసి, తోటివారితో చదరంగం ఆడేవాడు. నల్లపావులకు బొగ్గుముక్కలు, తెల్లపావులకు గులకరాళ్ళు. ఏది గుర్రమో ఏది మంత్రో ఆడేవారికే తెలియాలి. బాపు ఆ ఆట అన్నకు నేర్పాడు. అన్న నాకు నేర్పాడు.

మేము హైస్కూల్లో ఉన్నప్పుడు లెక్కల సారు ఒక కథ చెప్పారు. 1914 జూలై 20న జర్మనీలోని మాన్‌హైమ్ పట్టణంలో పెద్ద చదరంగం పోటీ మొదలైంది. ప్రధాన పోటీలో 18 మంది ఆటగాళ్ళు. ఒక్కొక్కరు 17 ఆటలు ఆడాలి. 11 ఆటలు పూర్తయ్యేసరికి అలెగ్జాండర్ అలెఖిన్ అనే 21 ఏండ్ల రష్యా యువకుడు తొమ్మిదిన్నర పాయింట్లతో అందరికంటె ముందున్నాడు. ఇంతలో ఆగస్టు 1న జర్మనీ రష్యా మీద యుద్ధం ప్రకటించింది. అదే మొదటి ప్రపంచ యుద్ధం. పోటీ అక్కడికక్కడే ఆగిపోయింది. మొదటి స్థానంలో ఉన్న అలెఖిన్‌కు 1,100 మార్కుల బహుమతి ఇచ్చారు. కాని, నిన్నటి దాకా అతిథులుగా ఉన్న రష్యా ఆటగాళ్ళు తెల్లవారేసరికి శత్రుదేశస్థులయ్యారు. పదకొండు మందిని నిర్బంధించారు.

అందులో కొందరిని రాష్టాట్ అనే ఊరి జైలులో పెట్టారు. అలెఖిన్‌తో పాటు అదే గదిలో ఎఫిమ్ బొగొల్యుబోవ్ అనే ఆటగాడు కూడా ఉన్నాడు. ఆడుకోవడానికి వారి దగ్గర బల్ల లేదు, పావులు లేవు. అయినా ఆట మానలేదు. ఒకరు తమ ఎత్తు నోటితో చెప్పేవారు. రెండోవారు మనసులోనే బల్లను చూసుకుని జవాబెత్తు చెప్పేవారు.

బొగ్గుబాయి పిల్లలం కదా, బొగొల్యుబోవ్ పేరు వినగానే తరగతంతా నవ్వింది. ఆనాటి నుండి మాకు ఆయన "బొగ్గులబాబు" అయిపోయాడు. సారు కూడా నవ్వి, రష్యా భాషలో ఆ పేరుకు దేవుణ్ణి ప్రేమించేవాడని అర్థమన్నారు. "తెల్లపావులతో ఆడితే తెల్లవి కనుక గెలుస్తాను, నల్లవాటితో ఆడితే బొగొల్యుబోవ్‌ని కనుక గెలుస్తాను" అని ఆయన గొప్పలు పోయేవాడట. ఆ రాత్రి కరెంటు పోయినప్పుడు అన్న చీకట్లోనే, "తమ్మీ, రాజు ముందటి బంటు రెండు గళ్ళు" అన్నాడు. అప్పటి నుండి కరెంటు పోతే మాకు పండుగే. ఎప్పుడూ అన్నదే గెలుపు.

1997లో బాపు ఊపిరితిత్తులు చెడిపోయి మెడికల్ అన్‌ఫిట్ అయ్యాడు. ఆ ఉద్యోగం కొడుకులలో ఒకరికి వస్తుంది. పెద్దవాడికే అని ఇంట్లో అందరూ అనుకున్నారు. అన్న కూడా అలాగే అనుకున్నాడు. నాకు అప్పుడే పెండ్లి సంబంధం కుదిరింది. ఉద్యోగముంటేనే పిల్లనిస్తామని వాళ్ళు చెప్పి పంపారు. ఒక రాత్రి అన్న లేని సమయం చూసి బాపు మంచం దగ్గర కూర్చున్నాను. ఏడ్చాను, బతిమాలాను. తెల్లవారి బాపు కాగితం మీద నా పేరు రాయించాడు. ఎందుకని అన్న అడిగితే తల వంచుకున్నాడే గాని నా సంగతి చెప్పలేదు. నేను కూడా చెప్పలేదు.

మరుసటి ఏడు అన్న అప్పుచేసి దుబాయి వెళ్ళాడు. అక్కడ కూలిపని. అమ్మతోనే మాట్లాడేవాడు. 2009లో బాపు చనిపోయినప్పుడు మూడు రోజులు వచ్చి వెళ్ళాడు. ఒకే ఇంట్లో ఆ మూల అన్న, ఈ మూల నేను. నేను జీతం తీసుకున్నాను, క్వార్టర్లో ఉన్నాను, పిల్లలను చదివించుకున్నాను. అన్న ఎలా ఉన్నాడో అడగలేదు. అడిగే ముఖం నాకు లేదు.

మాన్‌హైమ్ కథలో మిగతా సగం ఆ తర్వాత చదివాను. 1914 సెప్టెంబరులో అలెఖిన్‌ను సైన్యంలో పనికి రాడని తేల్చి విడిచిపెట్టారు. పిచ్చివాడిలా నటించి బయటపడ్డాడని కూడా ఒక కథ ఉంది. స్విట్జర్లాండు మీదుగా తిరిగి తిరిగి రష్యా చేరాడు. చేరినవాడు ఊరుకోలేదు. ఒకేసారి ఎంతోమందితో ఆడే ప్రదర్శనలు ఇచ్చి, జర్మనీలో నిర్బంధంలో ఉన్న తోటి ఆటగాళ్ళ కోసం డబ్బు పోగుచేశాడు.

అక్కడ పుస్తకం మూసేశాను. అతడూ అన్‌ఫిట్ కాగితంతోనే బయటపడ్డాడు. నేనూ బాపు అన్‌ఫిట్ కాగితంతోనే బాగుపడ్డాను. బయటపడినవాడు లోపల ఉన్నవారిని తలచుకున్నాడు. నేను తలచుకోలేదు.

బొగొల్యుబోవ్‌ను, మరికొందరిని బ్లాక్ ఫారెస్ట్ కొండల్లోని ట్రైబెర్గ్ అనే చిన్న ఊరికి మార్చారు. అక్కడ వాళ్ళు తమలో తామే పోటీలు పెట్టుకున్నారు. బొగొల్యుబోవ్ అక్కడి అమ్మాయినే పెండ్లాడి ఆ ఊరివాడే అయ్యాడు. 1952లో అక్కడే కన్నుమూశాడు. అలెఖిన్ 1927లో ప్రపంచ విజేత అయ్యాడు. 1929లోను, 1934లోను ఆ కిరీటం కోసం అతనితో తలపడింది ఎవరనుకున్నారు? ఆ బొగ్గులబాబే! రెండుసార్లూ అలెఖినే గెలిచాడు. ఇద్దరూ మచ్చలేని మనుషులేమీ కారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో హిట్లర్ ఏలుబడిలో నడిచిన పోటీలలో ఆడి ఇద్దరూ మాటపడ్డారు. అయినా ఆ జైలుగదిలో ఒకరికొకరు ఎత్తులు చెప్పుకున్న సంగతి మాత్రం నా మనసును వదలలేదు.

2020 ఏప్రిల్. కరోనా రోజులు. దుబాయిలో అన్న ఉన్న క్యాంపు గదిలో ఆరుగురు. బయటికి రానివ్వడం లేదని అమ్మ కన్నీళ్ళు పెట్టుకుంది. ఒక రాత్రి ధైర్యం చేసి ఫోన్ చేశాను. అన్న "హలో" అన్నాడు. నాకు గొంతు పెగల్లేదు. పెట్టేస్తాడేమోనని భయం వేసింది. ఏమనాలో తోచక, "రాజు ముందటి బంటు రెండు గళ్ళు" అన్నాను.

చాలాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత అన్న గొంతు వినబడింది. "నాది గూడ అంతే."

ఆ రాత్రి నుండి రోజూ ఆడాము. పదో ఎత్తుకే తగాదా వచ్చేది. "నీ గుర్రం ఆడ లేదు తమ్మీ, యాది చేసుకో" అనేవాడు. నిజంగానే ఉండేది కాదు. పది పన్నెండు రోజులయ్యాక, ఆట మధ్యలో ఆపి చెప్పేశాను. బాపు మంచం దగ్గర ఏడ్చింది నేనేనని, ఆ పేరు నేనే రాయించుకున్నానని. చెప్పి చేతిలో ఫోన్ పట్టుకుని కూర్చున్నాను.

"నాకు ఎరికే," అన్నాడు అన్న. "బాపు పోయినప్పుడే అమ్మ చెప్పింది. నువ్వు చెప్తవేమో అని సూసిన." కొంచెం ఆగి, "నీ ఎత్తు చెప్పు," అన్నాడు.

ఆ మాటతో ఇరవై రెండేళ్ళ బాకీ తీరిపోయిందని నేను అనను. అన్న కోల్పోయిన జీతం, క్వార్టర్, పిల్లల పక్కన గడపవలసిన వయసు నేను తిరిగి ఇవ్వలేను. అన్న 2022లో ఇంటికి వచ్చాడు. నా జీతంలో నుండి ప్రతి నెలా కొంత అన్న ఇంటికి వెళ్తుంది. మొదట వద్దన్నాడు. "ఇది దానం కాదన్నా, నీదే" అన్నాను.

మాన్‌హైమ్‌లో మిగిలిన ఆరు ఆటలు ఎవరూ ఆడలేదు. అవి ఎప్పటికీ మిగిలే ఉంటాయి. మీ ఇంట్లో కూడా అన్నదమ్ముల మధ్యనో, అక్కచెల్లెండ్ల మధ్యనో సగంలో ఆగిన ఆట ఏదైనా ఉంటే, అవతలివాడు మొదలుపెట్టాలని ఎదురుచూడకండి. తప్పు చేసినవాడిదే మొదటి ఎత్తు.

ఇప్పుడు మా చిన్నవాడికి చదరంగం నేర్పేది వాళ్ళ పెద్దబాపే. నిన్న సాయంత్రం బల్ల పక్కకు నెట్టి, దీపం ఆర్పి ఆడుతున్నారు. నేను వరండాలో కూర్చుని వింటున్నాను. పిల్లవాడు గుర్రం ఎక్కడున్నదో మరిచిపోయాడు.