పనికి తగ్గ బట్ట

పల్నాట్లో మిరపకోతకు బయల్దేరే ఆడవాళ్ళను చూడండి. చీర మీద ఇంట్లో మగవాళ్ళ పాత నిండుచేతుల చొక్కా, తలనూ చెవులనూ ముక్కునూ కలిపి చుట్టిన తువాలు. చొక్కా ఎండనూ మిరపఘాటునూ చేతులకు తగలనివ్వదు. నూలుది కాబట్టి చెమట పీలుస్తుంది. దానికి జేబు ఉంటుంది, చినిగితే మరొకటి దొరుకుతుంది. ఈ దుస్తును ఏ కంపెనీ రూపొందించలేదు. పొలంలో దిగినవాళ్ళు తమ ఒంటికి ఏది పడుతుందో, ఏది పడదో చూసుకుని ఖాయం చేసుకున్నారు. మా దుర్గిలో పంచాయతీ పారిశుద్ధ్య కార్మికులకు బట్టలు కొనే మాట వచ్చినప్పుడల్లా నాకు ఆ చొక్కా గుర్తొస్తుంది. తక్కువ డబ్బుతో మంచి పనిబట్ట ఎలా ఉండాలో అది ఎప్పుడో చెప్పేసింది.

వీధులు ఊడ్చి, కాలవలు తీసి, చెత్తబండి తోసేవాళ్ళను ఒకప్పుడు గ్రీన్ అంబాసిడర్లన్నారు. 2021 అక్టోబరు 2న క్లీన్ ఆంధ్రప్రదేశ్ (క్లాప్) కార్యక్రమం మొదలయ్యాక క్లాప్ మిత్రలన్నారు. పిలుపు ఏదైనా పని అదే, ఆ పనిలో ఒంటికి కావలసిన రక్షణా అదే. 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు ఆ రక్షణను పేరుపేరునా చెప్పాయి: యూనిఫాం, దూరం నుంచి కనబడే మెరుపు రంగు జాకెట్టు, గ్లౌజులు, రెయిన్‌కోటు, తగిన పాదరక్షలు, మాస్కు. వీటిని ఇవ్వటమే కాదు, వాడేలా చూడటం కూడా బాధ్యతేనని ఆ నియమాల్లో రాశారు. నా దృష్టిలో కీలకం ఆ రెండో మాటే. ఇచ్చిన బట్ట ఒంటి మీద నిలవకపోతే దాని మీద పెట్టిన ప్రతి రూపాయీ దండగే.

ఒకరోజు పొద్దున కాలవ తీస్తున్న ఒకావిడను అడిగాను, పంచాయతీ ఇచ్చిన కోటు బండికి తగిలించి ఉందేమని.

"ఏసుకుంటే గాలాడదన్నా. ఎనిమిదింటికల్లా లోపల జాకెట్టు తడిసి ముద్దవుద్ది."

"మరెట్టా ఉంటే బాగుంటదక్కా?"

"చొక్కాలాగా కుట్టియ్యాలి. చేతులు నిండుగా ఉండాలి, మడుచుకునే వీలుండాలి. కింద రెండు పక్కలా చీలికుంటే చీర మీద వంగటానికి అడ్డం రాదు. ఫోను పెట్టుకోటానికి మూతున్న జేబు కావాల."

ఆమె చెప్పినదాంట్లో విలాసం ఒక్కటీ లేదు. అందులో ప్రతి అంశం వెనకా ఒక పని ఉంది. కాలవలోకి వంగేటప్పుడు పైజేబుకు మూత లేకపోతే ఫోను సిల్టులో పడుతుంది. పక్కల చీలిక లేని కోటు మోకాళ్ళు వంచనివ్వదు. ఇక కొలతలు. అందరికీ ఒకే సైజు అని తెచ్చిన కోట్లలో సన్నగా ఉన్నవాళ్ళు మునిగిపోతారు, లావుగా ఉన్నవాళ్ళకు గుండీలు పట్టవు. దర్జీని పంచాయతీ ఆఫీసుకు పిలిపించి ఒక్కొక్కరికీ కొలత తీయిస్తే ఆ ఇబ్బంది ఒక్క పూటతో తీరిపోతుంది.

గుడ్డ సంగతి ఇంకా ముఖ్యం. మనకు పక్కనే రెంటచింతల. వేసవిలో రాష్ట్రంలో ఎండ ఎక్కడ ఎక్కువంటే ముందు వినబడే పేరు అదే. అలాంటి ఎండలో ఒళ్ళు చల్లబడాలంటే చెమట గుడ్డలోకి ఇంకి ఆరాలి. నూరు గ్రాముల నూలు మామూలు గాలిలో ఎనిమిది గ్రాముల దాకా తేమ పట్టి ఉంచుకుంటుంది. పాలిస్టర్ అర గ్రాము కూడా ఉంచుకోదు. దగ్గరగా నేసిన పాలిస్టర్ కోటు కింద చెమట చెమటగానే ఉండిపోవటానికి కారణం ఇదే. అయితే తడిలో పనిచేసేవాళ్ళకు అచ్చమైన నూలుతోనూ చిక్కుంది. నానితే బరువెక్కుతుంది, ఆలస్యంగా ఆరుతుంది, ఒరుసుకున్నచోట త్వరగా చినుగుతుంది. అందుకని ఊడ్చేవాళ్ళకు నూలు చొక్కా, కాలవల్లో దిగేవాళ్ళకు నూలు పాలు ఎక్కువున్న టెర్రీకాటన్ మేలు. నూలు గుడ్డను ముందు తడిపి ఆరబెట్టి కుట్టిస్తే ఉతికాక పొట్టికాదు.

పని మారితే గుడ్డ గుణమూ మారాలి. దుర్గి శిల్పి రాయిని చూసి ఉలి తీసినట్టే ఇక్కడా పనిని చూసి బట్ట తియ్యాలి. పిడుగురాళ్ళ బట్టీల్లో మన సున్నపురాయి కాలి సున్నమై వస్తుంది. పొడిసున్నం మీద నీళ్ళు పడితే సెగ పుడుతుంది, కంట్లో పడితే చూపుకే ముప్పు. సున్నం చల్లేటప్పుడు కళ్ళద్దాలు ఉండి తీరాలి. క్షారాన్ని నూలు బాగానే తట్టుకుంటుంది, యాసిడ్‌ను మాత్రం తట్టుకోదు. మరుగుదొడ్లు కడిగే యాసిడ్ చుక్కలు పడితే ఆరాక అక్కడ చిల్లులు తేలతాయి. బ్లీచింగ్ పొడి రంగును లాగేసి దారాన్ని బలహీనం చేస్తుంది. ఈ పనులకోసం వేరే చొక్కాలు కుట్టించక్కర్లేదు. ఛాతీ నుంచి మోకాళ్ళ కిందిదాకా వచ్చే రబ్బరు ఏప్రాన్ పైన కట్టుకుంటే లోపలి చొక్కా నిలుస్తుంది. ఎంత మంచి బట్ట ఉన్నా కాపాడలేనిది ఒకటుంది: బ్లీచింగునూ యాసిడ్‌నూ కలిపితే క్లోరిన్ వాయువు లేస్తుంది. ఈ రెంటినీ ఎప్పుడూ కలపకూడదని ప్రతి జట్టుకూ నోటితో చెప్పాలి.

మెరుపు రంగు జాకెట్టును చొక్కాకు బదులుగా లెక్కవేయటం పెద్ద పొరపాటు. దాని పని వేరు. మాచర్ల రోడ్డు మీద తెల్లవారకముందే ఊడ్చే మనిషి లారీ డ్రైవరుకు దూరం నుంచే కనబడాలి. జాకెట్టు రంగు పగటి వెలుగులోనే మెరుస్తుంది. చీకట్లో కాపాడేది దాని మీది వెండిరంగు పట్టీ, లైటు పడగానే ఆ వెలుగును డ్రైవరు వైపే తిప్పి పంపుతుంది. పట్టీ పొరలూడిన జాకెట్టు చీకట్లో లేనట్టే. చేతుల్లేని వల జాకెట్టు తీసుకుంటే చొక్కా మీద గాలి ఆడుతుంది, ఖర్చూ తక్కువ.

డబ్బు తగ్గించుకోవాలనుకునేవాళ్ళు చేతుల దగ్గరా కాళ్ళ దగ్గరా మాత్రం తగ్గించుకోవద్దు. కాలవలో సీసాపెంకులుంటాయి, సూదులుంటాయి. ఎలుక మూత్రం కలిసిన నీరు చిన్న గాటులోంచి ఒంట్లోకి చేరితే లెప్టోస్పైరోసిస్ రావచ్చు, అది కిడ్నీలనూ కాలేయాన్నీ దెబ్బతీస్తుంది. పల్చటి ఆసుపత్రి గ్లౌజు అక్కడ ఒక్క గంట ఆగదు. మోచేతి దాకా వచ్చే మందపాటి రబ్బరు గ్లౌజులు, కాలి సైజుకు సరిపోయే గమ్‌బూట్లు కావాలి. వదులు బూటు బురదలో ఊడివస్తుంది, మర్నాటి నుంచి మనిషి చెప్పులతోనే దిగుతుంది.

ఇక ధర. నాలుగు వందలకు దొరికే జత నాలుగు నెలల్లో చినిగిందనుకుందాం, నెలకు వంద పడింది. డబుల్ కుట్టు వేసి, మోచేతుల దగ్గర అదనపు గుడ్డ పెట్టి ఏడు వందలకు కుట్టించిన జత ఏడాది ఆగితే నెలకు అరవై లోపే. కొటేషన్లు పోల్చేటప్పుడు చూడవలసిన అంకె ఇది. 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 రూపాయల దాకా ఉన్న దుస్తుల మీద జీఎస్టీ అయిదు శాతమే. కాస్త మంచి జత కొన్నంత మాత్రాన పన్ను శాతం పెరగదు.

మనిషికి రెండు జతలు ఉండి తీరాలి. ఒకటి ఒంటి మీద ఉంటే ఒకటి ఆరుతుంది, రెండూ ఎక్కువకాలం మన్నుతాయి. పనిబట్టను పిల్లల బట్టలతో కలిపి ఉతికే అవస్థ కూడా ఉండకూడదు. పంచాయతీ ఆఫీసు పక్కన కుళాయి, సబ్బు, ఆడవాళ్ళు బట్టలు మార్చుకోవటానికి తలుపున్న చిన్న గది ఏర్పాటు చేస్తే కాలవ కంపు వాళ్ళ ఇళ్ళదాకా వెళ్ళదు.

సర్పంచులకూ కార్యదర్శులకూ నా విన్నపం ఇది. ఆర్డరు పెట్టేముందు ఒక్క జత కుట్టించి జట్టులో ఒకావిడకివ్వండి. వారం రోజులు ఊడ్చాక, కాలవలో దిగాక, ఉతికి ఆరేశాక ఎక్కడ ఒరుసుకుంటుందో ఆమెనే అడగండి. ఆమె చెప్పిన మార్పులు చేయించి మిగతా జతలు కుట్టించండి. మన వీధుల మురికిని తమ చేతులతో తీస్తున్న మనుషులకు, తమ ఒంటి మీద వేసుకునే గుడ్డ గురించి మొదటి మాట చెప్పే హక్కు ఉంది.