చెత్తనుకుని తీసేశాను

కంపైలర్‌లో తప్పు పట్టానని నలుగురికీ చెప్పుకుని తిరిగిన రోజులు నాకూ ఉన్నాయి.

సీస్మిత్ అని ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. అమెరికాలో యూటా విశ్వవిద్యాలయం వాళ్లు రాశారు. సీ భాషలో తలాతోకా లేని ప్రోగ్రాములు పుట్టించడం దాని పని. అలా పుట్టినదాన్ని ఆప్టిమైజేషన్ లేకుండా ఒకసారి, పెట్టి ఒకసారి కంపైల్ చేసి నడిపితే, చివర్లో వచ్చే చెక్‌సమ్ రెండుసార్లూ ఒకటే ఉండాలి. తేడా వస్తే కంపైలర్‌ను అనుమానించాలి. మూడేళ్లలో 325కు పైగా బగ్గులు దీనితో పట్టామని వాళ్లు 2011లో పేపరు రాశారు. అది చదివాక ఎవరికి ఆశ పుట్టదు?

ఒక రాత్రి నాకూ తేడా వచ్చింది. ఫైలేమో చాంతాడంత. కుదించకుండా పంపితే ఎవరూ చూడరు. ఆ పనికి సీరెడ్యూస్ అనే పనిముట్టు ఉన్నా, నా చేతుల మీద నాకు నమ్మకం ఎక్కువ. ముందుగా పైనున్న కామెంటు చెరిపేశాను. నక్షత్రం గుర్తుల మధ్య కామెంటును మీరైనా చదువుతారా చెప్పండి? తర్వాత ప్రతి లెక్క చుట్టూ 'సేఫ్' అని మొదలయ్యే ఫంక్షన్లు కనిపించాయి. మామూలు షిఫ్ట్‌కు ఇంత హంగామా ఎందుకని వాటినీ పీకేసి, ఉత్త గుర్తులు పెట్టాను. కోసిన ప్రతిసారీ నడిపి చూశాను. తేడా ఉంది. ఇంకేం కావాలి?

చివరికి అరడజను లైన్లు మిగిలాయి. ఒకటిని ఎడమకు ఎన్ స్థానాలు జరపడం, అంతే. ఆప్టిమైజేషన్ లేకపోతే 1, ఉంటే 0. గర్వంగా రిపోర్టు పెట్టాను.

జవాబుగా ఒక్క ప్రశ్న వచ్చింది: ఎన్ విలువ ఎంత?

32. ఇంటీజరు ఉన్నదే 32 బిట్లు. దాన్ని 32 స్థానాలు జరిపితే ఏం రావాలో సీ ప్రమాణం చెప్పదు, ఏమొచ్చినా తప్పు కాదు. నా ఇంటెల్ ప్రాసెసర్ ఎన్ని స్థానాలు జరపాలో చెప్పే అంకెలో చివరి ఐదు బిట్లే చూస్తుంది. 32లో అవి సున్నాలు, కాబట్టి అసలు జరపదు, 1 అలాగే ఉంటుంది. ఆప్టిమైజర్ తనే ముందుగా లెక్కగట్టి 0 వేసింది. తప్పు ఇద్దరిదీ కాదు. అప్పుడు వెళ్లి ఆ 'సేఫ్' ఫంక్షను తెరిచి చూశాను. జరపాల్సిన స్థానాలు 32 గానీ అంతకు మించి గానీ అయితే జరపకుండా అంకెను ఉన్నదున్నట్టు వెనక్కి ఇవ్వమని అందులో శుభ్రంగా రాసి ఉంది. హంగామా అనుకుని పీకేసింది దాన్నే.

సరే, మొదటి తేడా మాటేమిటి? అందులో ఈ ఫంక్షన్లన్నీ ఉన్నాయి, అది నిజంగా బగ్గే అయి ఉండొచ్చు. ఏ కోతలో అది జారిపోయి నా తప్పు వచ్చి చేరిందో తెలియదు. మొదటి ఫైలు మీదే సేవ్ చేస్తూ పోయాను. అయినా పరవాలేదు, అదే వెర్షనుకు అవే ఆప్షన్లు, అదే సీడు, అంటే ప్రోగ్రాము పుట్టించడానికి మొదలుగా తీసుకునే అంకె, ఇస్తే సీస్మిత్ అక్షరం మారకుండా అదే ప్రోగ్రాము మళ్లీ ఇస్తుంది. సీడు నేను ఇవ్వలేదు, అదే ఎంచుకుంది. ఎంచుకున్నదాన్ని ఫైల్లో రాసి కూడా పెట్టింది, పైనున్న కామెంటులో.