చలికాలం నిమ్మకాయ, ఎండాకాలం షర్బత్



నిమ్మతోట ఉన్న ఇంటికి ఏప్రిల్‌లో చుట్టం వస్తే, అంగడికి పిల్లోణ్ణి పంపించి రంగు నీళ్ల సీసా తెప్పించి గ్లాసులో పోస్తున్నాం. మన ఊళ్లల్లో ఎన్ని ఇళ్లల్లో ఇట్లా జరుగుతా ఉందో మీరే లెక్కేసుకోండి. కారణం అందరికీ తెలిసిందే. ఏప్రిల్‌లో కాయ మీద డబ్బుంటుంది. చెట్టుకి ఉన్నదంతా మార్కెట్‌కి పోవాల్సిందే, ఇంట్లోకి పది కాయలు తీసి పెట్టాలన్నా చెయ్యి రాదు. అదే డిసెంబరులో అయితే ఆ కాయలే చెట్ల కింద పచ్చగా పరుచుకోని కుళ్లిపోతా ఉంటాయి. వంగి ఏరేవాళ్లు ఉండరు.

మాది గూడూరు పక్క. ఇక్కడి కాయ ఢిల్లీ దాకా పోతుంది. అక్కడ ఎండ ముదిరితే ఇక్కడ మన ముఖాలు వెలుగుతాయి, అక్కడ చలి పడితే ఇక్కడ మన కాయని అడిగేవాడు ఉండడు. 2022 ఏప్రిల్ గుర్తుంది కదా, ఒక్కో కాయ పది రూపాయలని టీవీల్లో చూపించారు. ఆ నెలలో కాయ ఉన్నవాడు రాజు. కాకపోతే ఎంతమందికి ఉన్నింది? ఎండాకాలానికి కాయ రావాలంటే సెప్టెంబరు, అక్టోబరులో పూత పట్టాలి. దానికి ముందు నీళ్లు ఆపి చెట్టుని వాడబెట్టాలి. మన నెల్లూరు పక్కేమో సరిగ్గా అక్టోబరులోనే ఈశాన్య రుతుపవనం దిగుతుంది. మనం నీళ్లు ఆపుతాం, దేవుడు పోస్తాడు. ఈ తిప్పలు నిమ్మ రైతుకి తప్ప ఇంకొకరికి చెప్పినా అర్థం కావు.

వానాకాలం కాపు, చలికాలం కాపు అట్లా కాదు, అడక్కుండానే విరగ కాస్తుంది. కోత కూలీ, బస్తా, ఆటో బాడుగ, కమీషను తీసేస్తే చేతికి ఏమీ రాని రోజులు ఉంటాయి. ఆ రోజుల్లో కాయ కోయకుండా వదిలేయడమే మేలు అని అందరం వదిలేస్తాం. అందులో తప్పు లేదు. నేను చెప్పేది ఏమంటే, వదిలేసే ముందు ఇంటికి ఒక పది కిలోలు కోసుకోండి. మార్చి నుంచి జూన్ దాకా ఇంటిల్లిపాదికీ, పొలంలో పనికొచ్చేవాళ్లకీ షర్బత్‌కి సరిపోతుంది.

లెక్క చూడండి. కిలో కాయలకి కొంచెం అటూ ఇటుగా నాలుగు వందల మిల్లీలీటర్ల రసం వస్తుంది. పది కిలోలకి నాలుగు లీటర్లు. లీటరు రసానికి రెండున్నర కిలోల చక్కెర చొప్పున పది కిలోల చక్కెర. కిలో నలభై అయిదు వేసుకున్నా నాలుగు వందల యాభై రూపాయలు. దీనికి పన్నెండు లీటర్ల చిక్కటి సిరప్ తయారవుతుంది. గ్లాసుకి నలభై మిల్లీలీటర్లు, అంటే మూడు పెద్ద స్పూన్ల లోపు పోస్తే మూడు వందల గ్లాసులు. గ్లాసు రూపాయిన్నర పడుతుంది. కాయ మనదే, పని మనదే కాబట్టి వాటిని లెక్కలో వేయలేదు. ఎట్లాగూ మార్కెట్ కూడా వాటిని లెక్కలో వేయడం లేదు.

ఇక పని సంగతి.

కాయ చెట్టు మీదిదే కోయండి. నేల మీద నాలుగు రోజులు పడున్నది వద్దు, అడుగున మెత్తబడి లోపల బూజు మొదలై ఉంటుంది. బాగా పసుపు తిరిగి, తొక్క పల్చగా నున్నగా ఉన్నది ఏరుకోండి. ఆకుపచ్చ కాయలో రసం తక్కువ. మాకు బాలాజీ రకం చెట్లు కొన్ని ఉన్నాయి, గజ్జి తెగులు తక్కువని వేసినవి. షర్బత్‌కి ఈ రకమే కావాలని ఏం లేదు. గజ్జి మచ్చ ఉన్న కాయని మార్కెట్‌లో పక్కకి నెట్టేస్తారు గానీ మచ్చ తొక్కకే, రసానికి ఏం కాదు. కడిగి, తడి ఆరనిచ్చి వాడుకోండి.

అడ్డంగా కోసి పిండండి. పిండేటప్పుడు పగ తీర్చుకున్నట్టు పిండకండి. తొక్కని మెలేసి పిండితే తొక్కలో నూనె, చేదు రసంలోకి దిగుతాయి. గింజలు ఎప్పటికప్పుడు తీసేయాలి. మిక్సీ జోలికి అసలు పోవద్దు, గింజ నలిగితే ఆ చేదు ఎంత చక్కెర పోసినా విరగదు. పిండిన రసం గింజలతో పాటు గంటలు గంటలు నానబెట్టినా అదే తంతు. గిన్నె స్టీలుది గానీ గాజుది గానీ వాడండి. ఇత్తడి, రాగి, అల్యూమినియం గిన్నెలు పులుపుకి పడవు.

పాకం వేరేగా కాచాలి. రెండున్నర కిలోల చక్కెరకి ముప్పావు లీటరు నీళ్లు. అందులో రెండు స్పూన్ల నిమ్మరసం మొదట్లోనే వేసి కాచండి. ఇది రుచికి అనుకుంటారు చాలామంది. పులుపు తగిలితే చక్కెర కొంత విడిపోయి, పాకం చల్లారాక మళ్లీ పలుకు కట్టదు, సీసా అడుగున గడ్డ పేరదు. చక్కెరలో మురికి ఉంటే ఒక స్పూను పాలు పోయండి, మడ్డి అంతా పైకి తేలుతుంది, గరిటెతో తీసేయొచ్చు. వేళ్ల మధ్య లేతగా తీగ సాగేదాకా కాచి దించి, గుడ్డలో వడపోయండి.

ఇక్కడే కొంచెం ఓపిక కావాలి. రసాన్ని మరిగే పాకంలో పోయకూడదు, రసం పోశాక మళ్లీ పొయ్యి మీద పెట్టకూడదు. నిమ్మరసం ఉడికితే చేదు తిరుగుతుంది, వాసన పోతుంది, విటమిన్ సీ కూడా చాలా మటుకు పోతుంది. పాకం వేలు పెడితే ఓర్చుకునేంత వేడికి వచ్చాక రసం పోసి కలపండి. మరీ చల్లారిందాకా ఆగితే పాకం గట్టిపడి కలవదు. అల్లం రసం కావాలంటే అప్పుడే వడగట్టి కలుపుకోవచ్చు. మా ఇంట్లో సగం సీసాలకి అల్లం, సగం ఉత్తవి. అల్లం సీసాలే ముందు అయిపోతాయి.

గాజు సీసాలు ఇరవై నిమిషాలు నీళ్లల్లో ఉడికించి, శుభ్రమైన గుడ్డ మీద బోర్లించి, లోపల ఒక్క చుక్క తడి లేకుండా ఆరనివ్వండి. ఆ చుక్క మీద ఎందుకు ఇంత పట్టింపు అంటారేమో. నీళ్లు తగిలిన చోట పాకం పల్చబడుతుంది, పల్చబడిన చోటే బూజు పడుతుంది. మెడ దాకా నింపి బిగించి, వెలుగు తగలని చోట పెట్టండి. వెలుగు, వేడి తగిలితే రంగు గోధుమకి తిరుగుతుంది. ఫ్రిజ్‌లో చోటుంటే అన్నిటికన్నా మేలు. మూత తీసిన సీసా అయితే ఫ్రిజ్‌లోనే ఉండాలి.

చక్కెర ఇంత ఎందుకు, సగం చాలదా అని మీ ఇంట్లో ఆడోళ్లు అడుగుతారు. మా పక్కింటి పెద్దమ్మ అట్లాగే సగానికి తగ్గించింది, తీపి ఎక్కువైతే పిల్లలకి దగ్గు వస్తుందని. మూడు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం వాళ్ల వంటింట్లో టపాకాయ పేలినట్టు చప్పుడైంది. మూత అటక మీద దొరికింది, సిరప్ గోడల మీద దొరికింది. నిజానికి ఆ చక్కెరే అక్కడ కాపలా. చిక్కటి పాకంలో పులిపించే క్రిములకి నీళ్లు అందవు, బతకలేవు. పల్చగా ఉంటే దాన్నే తిని గ్యాసు వదుల్తాయి. అందుకే సీసాలో చిక్కగా ఉంచి, గ్లాసులో మీ ఇష్టమొచ్చినంత పల్చగా చేసుకోండి. సీసాలో బుడగలు లేచినా, కల్లు వాసన వచ్చినా మొహమాటం లేకుండా పారబోయండి.

కంపెనీవాళ్లు, కొందరు అమ్మకందార్లు నిల్వకి పొటాషియం మెటాబైసల్ఫైట్ పొడి వేస్తారు. అది వాడటానికి అనుమతి ఉన్నదే, మోతాదు లీటరుకి అర గ్రాము పైచిలుకు మాత్రమే. ఆ కొంచెం తూచే తక్కెడ మన ఇళ్లల్లో ఉండదు, చిటికెడు అని వేస్తే ఎక్కువైపోతుంది. ఆస్తమా ఉన్నవాళ్లకి ఆ పొడి పడకపోవచ్చు కూడా. ఇంటి వాడకానికి, ఫ్రిజ్ ఉంటే, దాని అవసరమే లేదని నా అభిప్రాయం.

షుగరు వ్యాధి ఉన్నవాళ్లకి ఈ సిరప్ వద్దు. వాళ్ల కోసం ఉత్త రసాన్ని ఐసు ట్రేలలో పోసి గడ్డకట్టించి, కవర్లో వేసి డీప్ ఫ్రిజ్‌లో పెట్టండి. ఎండాకాలంలో రెండు గడ్డలు, చిటికెడు ఉప్పు, నీళ్లు. మా నాయనకి ఇదే.

పొలం పనికి వచ్చేవాళ్ల సంగతి చెప్తానన్నాను కదా. పోయిన ఏడు మే నెలలో వేరుశనగ పీకుతుంటే పదకొండు గంటలకే నేల కాలుతోంది. ఎవరో మర్యాదకి పెద్ద కూల్‌డ్రింక్ సీసాలు రెండు తెచ్చి పోశారు. కూలికి వచ్చిన ఒక పెద్దామె రెండు గుక్కలు తాగి పక్కన పెట్టేసింది. ఏం అవ్వా, బాగలేదా అంటే, "తీపిగానే ఉండాది అబ్బయా, దప్పి మాత్రం తీరలా. కడుపు ఉబ్బతా ఉండాది" అనింది. ఆ మాట నాకు బాగా పట్టింది. చెమటతో పోయేది నీళ్లు ఒకటే కాదు, ఉప్పు కూడా పోతుంది. తీపి ఎక్కువై ఉప్పు లేని నీళ్లు ఎన్ని తాగినా ఒళ్లు కోలుకోదు.

అప్పట్నుంచి క్యాను మా ఇంటి నుంచే పోతుంది. పొలానికి కలిపేటప్పుడు చుట్టాలకి కలిపినంత తియ్యగా కలపం. లీటరు నీళ్లకి రెండున్నర పెద్ద స్పూన్ల సిరప్, అర టీస్పూను ఉప్పు. వాంతులు, విరేచనాలప్పుడు ఇంట్లో కలుపుకునే ఉప్పు చక్కెర నీళ్ల పాళ్లు కూడా ఇంచుమించు ఇవే, లీటరుకి ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు. రుచికి చప్పగా ఉంటుంది, మొదటి రోజు అందరూ మొహం చిట్లిస్తారు. రెండో రోజు అడిగి పోయించుకుంటారు. బీపీ ఉన్నవాళ్లకి ఉప్పు లేకుండా వేరే చెంబులో కలపండి. ఇంకో మాట, ఎవరికైనా చెమట ఆగిపోయి, ఒళ్లు కాలిపోతా, మాట తడబడితే షర్బత్ పోస్తా కూర్చోకండి. నీడకి చేర్చి, ఒళ్లంతా తడిపి, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి. అది వడదెబ్బ.

మీ దగ్గర నిమ్మ లేకపోతే? పులుపున్న ఏ పండుతోనైనా పద్ధతి ఇదే. నేరేడుకి రంగే అందం, పైన చెప్పిన సల్ఫైట్ పొడి వేస్తే ఆ రంగు పాలిపోతుంది, కాబట్టి దానికి అస్సలు వద్దు. పచ్చి మామిడిని ఉడికించి గుజ్జు తీసి చేసుకోవచ్చు, దానికి ఉడకడం వల్ల నష్టం లేదు. అనంతపురం, కడప అన్నలు చీనీ కాయతో చేస్తామంటారు. చీనీ రసం తాగేటప్పుడు తియ్యగానే ఉంటుంది, నిల్వ ఉంచితే కొన్ని గంటల్లోనే చేదెక్కుతుంది. దాన్ని తాజాగా తాగేయడమే మర్యాద. రాయలసీమలో నన్నారి షర్బత్‌కి ఎట్లాగూ నిమ్మరసం పిండుకుంటారు కదా, దాంట్లో మన సిరప్ ఒక స్పూను పోసి చూడండి, తర్వాత నాకు చెప్పండి.

అన్నా, ఇది అమ్ముకుంటే ఎట్లా ఉంటుంది అని ఫోను చేసి అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. సూటిగా చెప్తాను. ఇట్లా సీసాల్లో పోసి మనం నిమ్మ ధరని నిలబెట్టలేం. ఇంటికి పోను మిగిలిన కాయ సంగతి మార్కెట్‌తోనే తేల్చుకోవాలి, దాని పోరాటం దానికి వేరేగా ఉంది. చిన్నగా అమ్మాలన్నా ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ ఉండాలి, సీసా మీద తేదీ, దినుసులు రాయాలి. స్క్వాష్ అనో సిరప్ అనో పేరు పెడితే పండ్ల రసం కనీసం 25 శాతం ఉండాలి. మనం పైన చెప్పుకున్న పాళ్లలో తూకానికి దాదాపు అంత వస్తుంది. 2020లో కేంద్రం మొదలుపెట్టిన పీఎంఎఫ్ఎంఈ పథకంలో ఇట్లాంటి చిన్న యూనిట్లకి ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా రాయితీ పెట్టారు. మీ మండలం ఉద్యాన అధికారిని అడిగి కనుక్కోండి. ఒక్కరే దిగొద్దు. మహిళా సంఘంలో పదిమంది కలిసి, ముందు ఒక ఎండాకాలం మీ ఊళ్లో పెళ్లిళ్లకి, శ్రీరామనవమి పందిళ్లకి సరఫరా చేసి చూడండి. పందిట్లో పానకం పక్కన ఇది కూడా ఒక డ్రమ్ము పెడితే ఏది ముందు ఖాళీ అవుతుందో చూస్తే మీ సరుకు సంగతి మీకే తెలుస్తుంది.

పిండిన తొక్కలు పారేయకండి. ఉప్పులో వేసి ఎండబెడితే పెరుగన్నంలోకి బాగుంటాయి. మిగిలినవి ఎరువు గుంటలో వేసేయండి. సీసా మీద చేసిన తేదీ చీటీ అంటించడం మరిచిపోవద్దు, పాత సీసా ముందు, కొత్త సీసా తర్వాత. ఎవరికైనా పాకం దగ్గర అనుమానం వస్తే సాయంత్రం ఏడు తర్వాత ఫోను చేయండి, పగలు తోటలో సిగ్నల్ ఉండదు.