బ్రేకు లేని సైకిల్, 1861 నాటి చట్టం

2016లో లండన్ ఓల్డ్ స్ట్రీట్‌లో రోడ్డు దాటుతున్న ఓ మహిళ సైకిల్ గుద్ది చనిపోయారు. ఆ సైకిల్‌కి ముందు బ్రేకు లేదు. అక్కడి చట్టం ప్రకారం ఉండి తీరాలి. ఆమె చూసుకోకుండా రోడ్డు మీదికి వచ్చారని, తాను రెండుసార్లు అరిచానని సైకిల్ తొక్కినతని వాదన. నిజమే అనుకుందాం. అరుపు బ్రేకు పని చెయ్యదుగా! ఎదుటివాళ్లు పొరబడతారనే కదా బ్రేకు పెట్టేది. 2017లో జ్యూరీ నరహత్య కాదంటూనే, గుర్రబ్బళ్ల కాలపు 1861 చట్టం కింద దోషిగా తేల్చింది. 18 నెలల శిక్ష పడింది.

కార్ల కింద పడి పోయేవాళ్లే ఎక్కువ కదా, సైకిల్ మీద పడతారేం అంటారు. ఎక్కువే. కానీ ఆ లెక్క ఈ కేసులో తప్పెవరిదో తేల్చదు. ఇక మన దేశం సంగతి చూస్తే, మోటారు వాహనాల చట్టంలోకి మామూలు సైకిల్ రాదు గానీ, భారతీయ న్యాయ సంహిత 281వ సెక్షన్ బండికి మోటారుందా అని అడగదు. ప్రాణాల మీదికి తెచ్చేలా నడిపారా అనే చూస్తుంది.