పరాయి పూలకు పుట్టింటి నీడ

1939లో ప్రారంభమైన ఉస్మానియా ఆర్ట్స్ కళాశాల రాతి కట్టడం నుండి తార్నాక వైపు నడిస్తే, వేసవిలో గుల్‌మొహర్లు ఎర్రగా పలకరిస్తాయి. వాటి పుట్టిల్లు మడగాస్కర్ దీవి. అయినా దక్కను ఎండకు వెరవవు.

తార్నాక ఇళ్ళ బాల్కనీలలోని ఆంథూరియం సంగతి వేరు. దక్షిణ అమెరికా వాన అడవుల నీడలో పుట్టిన ఈ మొక్క, 40 డిగ్రీల వడగాలికి ఆకులంచులు మాడి వాడిపోతుంది. దానికి తూర్పు దిక్కు లేత వెలుగు, కొబ్బరి పీచు, బొగ్గు ముక్కలు కలిపిన గుల్ల మట్టి, ఆకులపై నీటి తుంపరలు కావాలి. మొదట్లో నీరు నిలిస్తే వేళ్ళు కుళ్ళుతాయి.

మే మాసంలో ట్యాంకరు కోసం బిందెలు వరుసకట్టే నగరంలో నీటి దుబారా తగదు. బియ్యం కడిగిన నీటితో సాకగలిగినన్ని కుండీలే చాలు. సుకుమారమైన ప్రాణిని ఇంటికి తెచ్చుకోవడమంటే, దాని పుట్టింటి నీడను సమకూర్చే బాధ్యతనూ స్వీకరించడమే.